ఇంప్లాంట్ మీద ప్లాస్మా సిరామిక్ పూత: లోహం ఎంత వేడిగా ఉండాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు నుంచి నాకు రెండు రకాల వాళ్లు ఫోన్ చేస్తుంటారు. ఒకరు మెకానికల్, మెటలర్జీ చదివే పిల్లలు, సెమినార్‌కి టాపిక్ కావాలని. ఇంకొకరు ఇంట్లో పెద్దవాళ్లకి తుంటి కీలు మార్పిడి రాసిచ్చిన కాగితం చేతిలో పట్టుకుని, అందులో ఉన్న "హెచ్‌ఏ కోటెడ్" అంటే ఏంటని. ఇద్దరి ప్రశ్నలూ కలిపి ఇక్కడ రాశాను. పేరుకి ఇది లోహం వేడి గురించే, కానీ ఈ పూతలో మంచీ చెడూ చాలావరకు అక్కడే తేలిపోతాయి. పౌడర్ రేటు గురించి, ఆ పౌడర్‌ని ప్లాస్మా మంటలో కరిగించి చల్లే గన్ పవర్ గురించి గంటసేపు మాట్లాడేవాళ్లు కూడా కోటింగ్ టైంలో జాబ్, అంటే పూత పడే వస్తువు, ఎంత వేడిగా ఉందని అడిగితే "నార్మలే సార్" అంటారు. ఆ నార్మల్ ఎంత, ఎక్కడ కొలిచారు, ఎప్పుడు కొలిచారు అన్నదే అసలు విషయం.

లోహపు ఇంప్లాంట్ మీద సిరామిక్ పూత ఎందుకసలు?

తుంటి కీలు మార్పిడిలో తొడ ఎముక లోపలికి దిగే కాడని రెండు రకాలుగా నిలబెడతారు. ఒకటి బోన్ సిమెంటు పెట్టి. ఇంకోటి సిమెంటు లేకుండా, ఎముకే పెరిగి వచ్చి లోహాన్ని పట్టుకునేలా. టైటానియం ఒంటికి పడుతుంది, తుప్పు పట్టదు. అయితే ఎముక దాన్ని గట్టిగా పట్టుకోవడానికి టైం తీసుకుంటుంది. మన ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజమే. ఆ ఖనిజానికి దగ్గరి చుట్టం హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్. కాగితం మీద హెచ్‌ఏ అని రాసేది దీన్నే. కాడ మీద దీన్ని పూస్తే ఎముక తొందరగా అల్లుకుంటుంది.

లండన్‌లో రోనాల్డ్ ఫర్లాంగ్ అనే సర్జన్ ఇలాంటి పూత ఉన్న కాడని 1985లో రోగికి అమర్చారు. ఆ వెంటనే నెదర్లాండ్స్‌లో గీసింక్ అనే సర్జన్ బృందం మొదలుపెట్టింది. అంటే ఇది నలభై ఏళ్ల నాటి పద్ధతి, కొత్తగా వచ్చిన ప్రయోగం కాదు. పూత మందం మామూలుగా 50 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది, ఒక మిల్లీమీటరులో పదో వంతుకి అటూఇటూ.

ప్లాస్మా పది వేల డిగ్రీలు అంటారు కదా, లోహం కరిగిపోదా?

కరగదు. గన్ లోపల టంగ్‌స్టన్ మొనకీ రాగి నాజిల్‌కీ మధ్య ఆర్క్ వెలుగుతుంది. దాంట్లోంచి ఆర్గాన్, కొంచెం హైడ్రోజన్ పోతే అవి ప్లాస్మాగా మారి మంట బయటికి తన్నుకొస్తుంది. మంట నడిబొడ్డున పది వేల డిగ్రీలు దాటే మాట నిజమే. కానీ జాబ్ ఉండేది నాజిల్ నుంచి సుమారు 80 నుంచి 120 మిల్లీమీటర్ల దూరంలో, అక్కడికొచ్చేసరికి మంట బాగా చల్లబడుతుంది. పైగా గన్ ఒకచోట నిలబడదు, రోబో చెయ్యి దాన్ని అటూఇటూ తిప్పుతూనే ఉంటుంది.

మంటలో పడిన పౌడర్ రేణువు మిల్లీసెకనుకి అటూఇటూ మాత్రమే గాల్లో ఉంటుంది. ఆ కాస్త టైంలో కరిగి, సెకనుకి వంద మీటర్లకి పైగా వేగంతో పోయి లోహాన్ని గుద్దుకుని, చదునుగా పరుచుకుని గడ్డకడుతుంది. ఇలా పరుచుకున్న ఒక్కో బిళ్లని స్ప్లాట్ అంటారు. పూత అంటే ఒకదాని మీద ఒకటి పేరుకున్న లక్షల స్ప్లాట్లే.

"సబ్‌స్ట్రేట్ టెంపరేచర్" అంటే ఏ టెంపరేచర్ సార్?

ఈ ఒక్క ప్రశ్న అడిగిన స్టూడెంట్‌కి నేను సగం మార్కులు ముందే వేసేస్తాను. సబ్‌స్ట్రేట్ అంటే పూత కింద ఉండే లోహం, కానీ ఆ ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు అంకెలు దాక్కుని ఉంటాయి.

మొదటిది ప్రీహీట్. పౌడర్ వదలక ముందు ఉత్త మంటతోనే గన్‌ని రెండు మూడు సార్లు జాబ్ మీద తిప్పి వేడి చేస్తారు. మొదటి రేణువు వచ్చి తాకే క్షణానికి లోహం ఎంత వేడిగా ఉందన్నది దీని లెక్క.

రెండోది పూత పడుతున్నంతసేపూ ఉండే సగటు వేడి. ప్రీహీట్ 150 డిగ్రీల దగ్గర ఆపినా, నాలుగు పాస్‌లు (గన్ జాబ్ మీదుగా ఒకసారి పోతే ఒక పాస్) అయ్యేసరికి జాబ్ 300 దాటి ఉండొచ్చు. కంప్రెస్డ్ ఎయిర్ జెట్లు సరిగ్గా పెట్టారా లేదా అన్నదాని మీద ఇది ఆధారపడుతుంది.

మూడోది ఒక్క పాస్‌లోనే వచ్చే ఎత్తుపల్లాలు. గన్ దాటే క్షణంలో పైపొర వేడి ఒక్కసారి ఎగిరి, మళ్లీ పడిపోతుంది. కొలిచే పరికరం నిదానంగా పనిచేసేదైతే ఈ ఎగరడం దానికి కనబడదు, సగటే చూపిస్తుంది.

నాలుగోది జాబ్ మీద చోటుని బట్టి వచ్చే తేడా. తుంటి కాడ పైన లావుగా ఉండి కిందికి పోనుపోను సన్నబడుతుంది. అదే మంట తగిలితే సన్నటి కొస ముందు వేడెక్కుతుంది, లావు భాగం ఇంకా చల్లగానే ఉంటుంది. టైటానియం, అల్యూమినియం, వెనేడియం కలిసిన ఇంప్లాంట్ మిశ్రమం వేడిని చాలా మెల్లగా పాకనిస్తుంది. మీటరుకి కెల్విన్‌కి దాదాపు 7 వాట్లే, స్టెయిన్‌లెస్ స్టీల్‌లో కూడా సగం లేదు. అందుకని ఒకచోట ఎక్కిన వేడి అక్కడే కూర్చుంటుంది. చదునైన కూపన్ (ట్రయల్‌కి వాడే చిన్న లోహపు ముక్క) మీద సెట్ చేసిన పారామీటర్లని ఉన్నదున్నట్టుగా కాడ మీద వాడితే కొస దగ్గర ఒక రకం పూత, భుజం దగ్గర, అంటే పైన లావు భాగం దగ్గర, ఇంకో రకం పూత వస్తాయి. రిపోర్టులో మాత్రం రెంటికీ ఒకే అంకె.

చల్లటి లోహం మీద కొడితే ఏమవుతుంది?

ఊళ్లో గోడకి పిడకలు కొట్టడం చూసినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. గోడ సరిగ్గా ఉంటే పిడక గుండ్రంగా పరుచుకుని కరుచుకుంటుంది. గోడ మీద తడో దుమ్మో ఉంటే చిట్లి, అంచులు లేచి, ఆరేలోపే కిందపడుతుంది. స్ప్లాట్ సంగతీ అంతే.

గాలిలో ఉన్న ఏ లోహం మీదైనా కంటికి కనబడని తేమ పొర, రకరకాల వాయువుల పొర అంటుకుని ఉంటాయి. వెయ్యి డిగ్రీలు దాటిన ద్రవపు బొట్టు దాని మీద పడగానే ఆ తేమ ఆవిరై బొట్టు కింద నుంచి తన్నుతుంది. బొట్టు మధ్యలో కొంచెం అంటుకుని, చుట్టూ వేళ్లలా చీలి చిందిపోతుంది. లోహాన్ని ముందే వేడి చేస్తే ఆ తేమ వదిలిపోతుంది, ద్రవం లోహాన్ని బాగా తడుపుతుంది, బొట్టు గుండ్రటి బిళ్లలా పరుచుకుంటుంది. ఈ మార్పు మెల్లమెల్లగా కాకుండా ఒక చిన్న ఉష్ణోగ్రతల మేరలోనే జరిగిపోతుంది. జపాన్‌లో టొయొహాషి విశ్వవిద్యాలయానికి చెందిన ఫుకుమోతో దీనికి ట్రాన్సిషన్ టెంపరేచర్ అని పేరు పెట్టారు. ఏ పౌడర్, ఏ లోహం అన్నదాన్ని బట్టి అది మారుతుంది. చాలా జతలకి 100 నుంచి 300 డిగ్రీల మధ్యలోనే ఉంటుంది.

ఇది మైక్రోస్కోప్ కింద ముచ్చటగా కనబడే తేడా మాత్రమే అనుకోకండి. టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు 2003లో ప్రచురించిన ప్రయోగంలో స్టెయిన్‌లెస్ స్టీల్ మీద నికెల్ పూత కొట్టారు. లోహం గది ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు పూత అతుకు బలం 10 మెగాపాస్కల్స్ దగ్గర ఉంది. 650 డిగ్రీలకి వేడి చేసి కొడితే 74కి చేరింది. అది నికెల్, మనది సిరామిక్, కాబట్టి ఆ అంకెలు తెచ్చి ఇక్కడ అతికించలేం. దిశ మాత్రం అదే.

అయితే లోహాన్ని బాగా ఎర్రగా కాల్చి కొడితే సరిపోతుంది కదా?

ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు. నికెల్ పూత ప్రయోగంలో చెల్లింది టైటానియం ఇంప్లాంట్ మీద చెల్లదు, దానికి కారణాలున్నాయి.

టైటానియం గాలిలో వేడెక్కితే పైన ఆక్సైడ్ పొర మందం పెరుగుతుంది. కంటికే తెలుస్తుంది: ముందు లేత పసుపు, తర్వాత ఊదా, ఆపైన నీలం. ఫిక్చర్ (జాబ్‌ని పట్టి ఉంచే బిగింపు) నుంచి తీసిన కాడ మీద పూత లేని చోట నీలం కనబడితే అక్కడ వేడి ఎక్కువైందని మీటరు లేకుండానే చెప్పొచ్చు. పల్చటి ఆక్సైడ్ వల్ల నష్టం లేదు, అది కొంత మేలే. 600 డిగ్రీల పైన ఎక్కువసేపు ఉంచితేనే గొడవ. ఆక్సిజన్ లోహం లోపలికే చొరబడి పెళుసు పొర తయారవుతుంది. తుంటి కాడ ఏడాదికి లక్షల సార్లు బరువు మోయాలి. నడిచిన ప్రతి అడుగూ ఒక లెక్కే. అలాంటి వస్తువు మీద పెళుసు పొర ఉంటే అలసట పగులు అక్కడే మొదలవుతుంది. పూత అతుక్కుంది సరే, కాడ విరిగితే ఏం లాభం?

ఇక రెండోది వ్యాకోచాల తేడా. అది పెద్ద విషయం, విడిగా చెబుతాను.

పూతలో పగుళ్లు ఎందుకొస్తాయి? లెక్క ఏంటి?

ప్రతి పదార్థం వేడికి వ్యాకోచిస్తుంది, చల్లబడితే కుదించుకుంటుంది. డిగ్రీకి ఎంత అన్నది పది లక్షల్లో వంతులుగా చెబుతారు. టైటానియం మిశ్రమానికి అది సుమారు 9. హైడ్రాక్సీఅపటైట్‌కి 11 నుంచి 15 మధ్య, 13 అనుకుందాం. 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీల్‌కి 16.

ఇప్పుడు టైటానియం కాడ మీద పూత 330 డిగ్రీల దగ్గర పడిందనుకోండి. గది వేడి 30 దాకా చల్లబడాలి, తేడా 300. పూత డిగ్రీకి 13 చొప్పున కుదించుకోవాలని చూస్తుంది, లోహం 9 చొప్పునే కుదించుకుంటుంది. మిగిలిన 4ని 300తో గుణిస్తే పది లక్షల్లో 1200, అంటే 0.12 శాతం సాగదీత. స్ప్రే చేసిన పూతలో రంధ్రాలు, స్ప్లాట్ల మధ్య సందులు ఉంటాయి కాబట్టి దాని గట్టితనం నిండు సిరామిక్ కంటే చాలా తక్కువ. 20 గిగాపాస్కల్స్ అని వేసుకున్నా 24 మెగాపాస్కల్స్ లాగుడు వస్తుంది. ఐఎస్‌ఓ 13779 ప్రమాణం ఈ పూతల అతుకు బలం కనీసం 15 మెగాపాస్కల్స్ ఉండాలంటుంది. రెండూ ఒకే దిశలో పనిచేసే బలాలు కావు, కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసేయకండి. కానీ ఏ స్థాయి బలాలతో ఆడుకుంటున్నామో దీన్ని బట్టి తెలుస్తుంది.

దీనికి తోడు చల్లార్పు ఒత్తిడి ఉంటుంది. ప్రతి స్ప్లాట్ గడ్డకట్టాక కుదించుకోవాలని చూస్తే కింద ఉన్న పొర దాన్ని పట్టి ఆపుతుంది. అది ఎప్పుడూ లాగుడు ఒత్తిడే. కొంత ఒత్తిడి స్ప్లాట్‌లోనే సన్న పగుళ్లుగా విడిపోతుంది. అందుకని సన్న పగుళ్లు కనబడగానే కంగారు పడక్కర్లేదు. పూత పొడవునా, లోహాన్ని ఆనుకుని పరుచుకుపోయే పగులు వస్తే మాత్రం ఆ బ్యాచ్ పక్కన పెట్టాల్సిందే.

స్టీల్ మీద కథ తిరగబడుతుంది. స్టీలే ఎక్కువ కుదించుకుంటుంది కాబట్టి పూత నొక్కుడులోకి పోతుంది. సిరామిక్కులు నొక్కుడు బాగా తట్టుకుంటాయి, లాగుడు తట్టుకోవు. పుస్తకంలో స్టీల్ కోసం రాసిన ప్రీహీట్ అంకెని టైటానియానికి వాడకూడదనేది ఇందుకే.

పూత "స్ఫటికత" అంటారు. దానికీ లోహం వేడికీ ఏం సంబంధం?

స్ఫటికత అంటే పూతలో ఎంత శాతం క్రమంగా పేర్చుకున్న స్ఫటికంగా ఉందన్న లెక్క. నా లెక్కలో మొత్తం విషయానికి గుండెకాయ ఇదే.

హైడ్రాక్సీఅపటైట్‌లో అణువులు ఒక క్రమంలో పేర్చి ఉంటాయి, మధ్యలో నిలువు కాలువల్లాంటి ఖాళీల్లో హైడ్రాక్సిల్ గ్రూపులు వరసగా ఉంటాయి. మంటలో పడగానే ముందు పోయేవి ఆ హైడ్రాక్సిల్ గ్రూపులే. ఇంకా వేడెక్కితే అది విడిపోయి ట్రైకాల్షియం ఫాస్ఫేట్, టెట్రాకాల్షియం ఫాస్ఫేట్, చివరికి కాల్షియం ఆక్సైడ్ దాకా పోతుంది. కాల్షియం ఆక్సైడ్ అంటే మన సున్నమే, పూతలో అది ఉండటం ఎవరికీ ఇష్టం లేదు. ఇదంతా గన్ దగ్గర జరిగే నష్టం. దీన్ని లోహం వేడితో సరిచేయలేం.

లోహం వేడి తేల్చేది తర్వాతి సంగతి. కరిగిన బొట్టు చల్లటి లోహాన్ని తాకితే సెకనుకి పది లక్షల డిగ్రీల స్థాయి వేగంతో చల్లబడుతుంది. అణువులకి వరసలో నిలబడే టైం ఉండదు, ఎక్కడివక్కడ గడ్డకట్టుకుపోతాయి. ఇలా వచ్చేదే అమార్ఫస్ కాల్షియం ఫాస్ఫేట్. లోహం కొంచెం వేడిగా ఉంటే చల్లబడటం నెమ్మదిస్తుంది, స్ఫటికాలు పెరుగుతాయి. పై నుంచి వరసగా వచ్చే బొట్ల వేడికి కింద ఉన్న అమార్ఫస్ భాగం కూడా కొంత తిరిగి స్ఫటికమవుతుంది.

చాలామంది పట్టించుకోని చిక్కు ఇక్కడుంది. లోహాన్ని తాకే మొట్టమొదటి పొర అన్నిటికంటే వేగంగా చల్లబడుతుంది, ఎందుకంటే వేడిని లాగేసే లోహం సరిగ్గా దాని కిందే ఉంది. పై పొరల కింద ఉండేది సిరామిక్, అది వేడిని అంత తొందరగా పోనివ్వదు. దాంతో పూత మొత్తం సగటు స్ఫటికత 65 శాతం వచ్చినా, అతుకు దగ్గరి పది ఇరవై మైక్రాన్లు ఎక్కువగా అమార్ఫస్‌గానే ఉండొచ్చు. ఒంట్లో ముందుగా కరిగేది అమార్ఫసే. పైన చూస్తే పూత బాగుంటుంది, అడుగున అతుకు కరిగిపోతుంటుంది. ప్రీహీట్‌కి ఉన్న అసలు విలువ ఆ మొదటి పొరని కాపాడటంలోనే ఉంది.

అలాగని నూటికి నూరు శాతం స్ఫటికం కావాలని ఎవరూ అడగరు. కొంచెం అమార్ఫస్ కరిగితేనే చుట్టూ కాల్షియం, ఫాస్ఫేట్ పెరిగి ఎముక మొదటి వారాల్లో తొందరగా వచ్చి పట్టుకుంటుంది. ప్రమాణం అడిగే కనీస స్ఫటికత 45 శాతం. దాని పైన ఎంత అన్నది తయారీదారు నిర్ణయం.

ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫ్ చూసి ఇదంతా చెప్పగలమా?

చాలావరకు చెప్పొచ్చు. ఎక్స్‌ఆర్‌డీ అంటే స్ఫటికాల మీద ఎక్స్‌రే వేసి, అది ఏ కోణంలో తిరిగొస్తుందో చూసే పరీక్ష, కింద చెప్పే డిగ్రీలు వేడివి కావు, ఆ కోణాలవి. రాగి ఎక్స్‌రే ట్యూబుతో తీసిన గ్రాఫ్‌లో హైడ్రాక్సీఅపటైట్ ప్రధాన శిఖరం 31.8 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. దాని ఎడమ పక్కన 31.0 దగ్గర చిన్న శిఖరం ఉంటే బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్, 30.7 దగ్గరైతే ఆల్ఫా. 29.2, 29.8 దగ్గర జంట కనబడితే టెట్రాకాల్షియం ఫాస్ఫేట్. 37.4 దగ్గర లేస్తే సున్నం. వీటన్నిటి కింద 28 నుంచి 34 దాకా వెడల్పుగా ఒక దిబ్బ ఉంటే అదే అమార్ఫస్. చల్లటి లోహం మీద కొట్టిన పూతకీ వేడి లోహం మీద కొట్టిన పూతకీ గ్రాఫులు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, దిబ్బ తగ్గి శిఖరాలు సన్నగా పైకి లేవడం స్పష్టంగా తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఎక్స్‌రే పూత లోపలికి కొన్ని పదుల మైక్రాన్లే పోతుంది, అంటే ఎక్కువగా చెప్పేది పై పొర సంగతి. అతుకు దగ్గర ఏముందో తెలియాలంటే పూతని మెల్లగా అరగదీస్తూ మళ్లీ మళ్లీ గ్రాఫ్ తీయాలి, లేదా అడ్డకోత కోసి చూడాలి. ఈ శ్రమ పడని రిపోర్టుని నేను కొంచెం అనుమానంగానే చూస్తాను.

పూత అయ్యాక ఫర్నేస్‌లో పెట్టి స్ఫటికం చేసుకుంటే పోదా? ఈ ప్రీహీట్ టెన్షన్ ఎందుకు?

చేస్తారు. 600 నుంచి 700 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే అమార్ఫస్ చాలావరకు స్ఫటికమవుతుంది. అయితే అమార్ఫస్ నుంచి స్ఫటికం అయ్యేటప్పుడు పరిమాణం తగ్గి పూత కుదించుకుంటుంది, పగుళ్లు వస్తాయి. అదే వేడికి టైటానియం గాలిలో ఆక్సీకరణ చెందుతుంది. సరే అని వాక్యూమ్‌లో పెడితే, పోయిన హైడ్రాక్సిల్ గ్రూపులు తిరిగి రావడానికి నీటి ఆవిరి ఉండదు. అందుకే కొందరు తక్కువ వేడిలో, పీడనం ఉన్న ఆవిరిలో పూతని ఉంచే పద్ధతి వాడతారు. అది మెత్తటి దారి, నాకు నచ్చుతుంది కూడా. కానీ మొదటి పొర స్ప్లాట్లు చిందిపోయి అతుక్కోకుండా ఉంటే ఏ ఫర్నేసూ ఏ ఆవిరీ వాటిని మళ్లీ అతికించవు.

జాబ్ వేడిని ఎలా కొలవాలి?

నమ్మదగింది థర్మోకపుల్, రెండు లోహపు తీగల కొసలు కలిపి వేడిని కొలిచే సాధనం. కూపన్ వెనక నుంచి రంధ్రం వేసి, పూత పడే ముఖానికి ఒక మిల్లీమీటరు దూరంలో దాని కొస నిలిపితే చాలు. నిజమైన ఇంప్లాంట్‌కి రంధ్రం వేయలేం కాబట్టి, అదే ఆకారంలో ఒక డమ్మీ కాడ చేయించి, కొస దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, భుజం దగ్గర ఒకటి పెట్టి ట్రయల్ నడపాలి. జాబ్ తిరుగుతుంటుంది కాబట్టి వైర్ల తంటా ఉంటుంది, అది తప్పదు.

దూరం నుంచి చూసే ఇన్‌ఫ్రారెడ్ పైరోమీటర్ సుఖంగా ఉంటుంది గానీ మోసం చేస్తుంది. బ్లాస్టింగ్ చేసిన (గరుకు రేణువులు కొట్టి గరుకు చేసిన) టైటానియం ఒక రకంగా వేడిని వెదజల్లుతుంది, తెల్లటి సిరామిక్ ఇంకో రకంగా. మొదటి పాస్‌కీ మూడో పాస్‌కీ మధ్య నిజంగా వేడి మారకపోయినా మీటరులో అంకె మారిపోతుంది, కారణం ఉపరితలం మారడమే. మంట వెలుగు కూడా దాంట్లో పడుతుంది. ముందు థర్మోకపుల్‌తో సరిపోల్చుకుని, ఆ తర్వాతే పైరోమీటర్ మీద ఆధారపడాలి.

వేడి ఎక్కువైతే తగ్గించడానికి ఏం చేస్తారు?

ఎయిర్ జెట్లు పెంచుతారు, గన్ వేగం పెంచుతారు, పాస్‌కీ పాస్‌కీ మధ్య ఆపుతారు, ఒకే ఫిక్చర్ మీద ఎక్కువ జాబులు ఎక్కించి ఒక్కోదానికి చల్లారే టైం ఇస్తారు. ఎక్కువసేపు ఆపితే జాబ్ మరీ చల్లబడి తర్వాతి పాస్ మళ్లీ చల్లటి పొర మీద పడుతుంది. ఎయిర్ లైన్‌లో నూనె, నీళ్లు లేకుండా ఫిల్టర్ ఉండాలి. ఇంప్లాంట్ మీదికి కంప్రెసర్ ఆయిల్ ఊదడం కంటే ఘోరం ఇంకోటి లేదు.

మా దగ్గర మే నెలలో 45 డిగ్రీలుంటుంది. ప్రీహీట్ అక్కర్లేదేమో?

నిడమనూరు, మిర్యాలగూడ ఎండలు నాకూ తెలుసు. కానీ కావలసింది వంద దాటిన వేడి, 45 ఏ మూలకి? ఎండ కంటే వానాకాలమే ఎక్కువ ఇబ్బంది. బ్లాస్టింగ్ అయిన గరుకు లోహం తేమని ఇట్టే పట్టేస్తుంది, పౌడర్ కూడా తేమ తాగి గొట్టంలో గడ్డలు కడుతుంది. బ్లాస్టింగ్‌కీ స్ప్రేకీ మధ్య గ్యాప్ తగ్గించండి, పౌడర్‌ని ఓవెన్‌లో ఆరబెట్టండి.

నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్‌కీ ఈ పూతకీ సంబంధం ఉందా?

ఉంది, అదీ రసాయనశాస్త్రంలోనే. ఇంకే ఊరి పిల్లలకంటే మన పిల్లలకి ఈ సంగతి తొందరగా అర్థం కావాలి. హైడ్రాక్సీఅపటైట్ కాలువల్లో హైడ్రాక్సిల్ గ్రూపులుంటాయని పైన చెప్పాను. ఫ్లోరైడ్ వచ్చి సరిగ్గా ఆ చోట్లోనే కూర్చుంటుంది. అది కొంచెం చిన్నది కాబట్టి స్ఫటికం కాస్త దగ్గరికి ముడుచుకుంటుంది, ఒక అక్షం 9.42 ఆంగ్‌స్ట్రామ్‌ల నుంచి 9.37కి వస్తుంది. ఇలా మారిందే ఫ్లోరఅపటైట్. అది తొందరగా కరగదు, వేడికీ తొందరగా విడిపోదు.

మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో తరాల తరబడి బోరు నీళ్లు తాగిన వాళ్ల ఎముకల్లో జరిగింది ఈ మార్పే, కానీ అదుపు లేకుండా. తాగే నీళ్లలో లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరేనని భారత ప్రమాణం. అంతకు మించి ఏళ్లకేళ్లు ఒంట్లోకి పోతే ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనబడుతుంది, నిజానికి నాణ్యత దెబ్బతిని ఉంటుంది, స్నాయువులు కూడా గట్టిపడతాయి. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది. జిల్లా పేరు ప్రపంచమంతా తెలిసింది ఇలా.

ఇంప్లాంట్ పూతల వాళ్లు అదే గుణాన్ని కావాలని వాడుకుంటారు. పౌడర్‌లో హైడ్రాక్సిల్ గ్రూపులు కొన్ని తీసి ఫ్లోరైడ్ పెడితే మంటలో విడిపోవడం తగ్గుతుంది, ఒంట్లో కరగడం నెమ్మదిస్తుంది. ఎంత పెట్టాలన్నదే తూకం.

మా నాయనకు ఫ్లోరోసిస్ ఉంది, పూత ఉన్న ఇంప్లాంట్ పడుతుందా అని అడిగినవాళ్లున్నారు. పూత కంటే ముందు చూడాల్సింది ఆ ఎముక ఎలా ఉందన్నది. ఏ ఊరి నీళ్లు ఎన్నేళ్లు తాగారో సర్జన్‌కి మొదటి రోజే చెప్పండి, వాళ్లు అడిగేదాకా ఆగకండి.

మా అమ్మకి మోకాలు మార్చారు. దానికీ ఈ పూత ఉంటుందా?

మోకాలి ఇంప్లాంట్లు ఎక్కువగా బోన్ సిమెంటుతోనే బిగిస్తారు, వాటికి ఈ ప్రశ్న రాదు. సిమెంటు లేని తుంటి కాడలు, కొన్ని పంటి ఇంప్లాంట్లు, ఎముకకి బిగించే కొన్ని స్క్రూలు ఈ పూతతో వస్తాయి. డిశ్చార్జ్ కాగితాలతో పాటు ఇంప్లాంట్ స్టిక్కర్ ఇస్తారు. బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటుంది, పారేయకండి.

కాలేజీలో ప్లాస్మా గన్ లేదు. దీని మీద ప్రాజెక్ట్ ఎలా చేయాలన్నా?

గన్ అక్కర్లేదు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో థర్మల్ స్ప్రే (ఇలా కరిగించి చల్లే పూతలు) మీద ఏళ్లుగా పని జరుగుతోంది, మీ హెచ్‌ఓడీతో లెటర్ రాయించి చూడటానికి అనుమతి అడగండి. ఈలోపు చేయగలిగింది ఒకటుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. నున్నగా పాలిష్ చేసిన స్టెయిన్‌లెస్ స్టీల్ ప్లేటుని హాట్‌ప్లేట్ మీద పెట్టి, గది వేడి నుంచి 200 దాకా అంచెలంచెలుగా పెంచుతూ, ఒకే ఎత్తు నుంచి కరిగిన తగరం బొట్లు వదలండి. బొట్టు ఎప్పుడు చిందుతోంది, ఎప్పుడు గుండ్రంగా పరుచుకుంటోంది ఫోటోలు తీయండి. గోరుతో గీకితే ఏది ఊడుతోంది, ఏది ఊడట్లేదో రాసుకోండి. తర్వాత అదే ప్లేటుని వేడి చేసి పూర్తిగా చల్లార్చి మళ్లీ బొట్లు వదిలి చూడండి, తేమ ప్రభావం ఎంతో, ఆక్సైడ్ ప్రభావం ఎంతో కొంతవరకు విడదీయొచ్చు. కళ్లద్దాలు, తోలు గ్లౌజులు తప్పనిసరి, నీళ్లు దగ్గరికి రానివ్వొద్దు. థర్మోకపుల్ హాట్‌ప్లేట్‌కి కాకుండా బొట్టు పడే ప్లేటుకే కట్టండి, రెండింటికీ చాలా తేడా వస్తుంది.